వెయ్యి రూపాయల లోపు మంచి వైన్ కోసం సోలాపూర్‌లో నెలన్నర: నా అనుభవం

ఈ జనవరి మొదటి వారంలో జర్మనీ నుంచి మా బయ్యర్ మెయిల్ వచ్చింది. ఫిబ్రవరి మూడో వారంలో భార్యాభర్తలిద్దరూ సోలాపూర్ వస్తున్నారట. అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలో, అంటే పారిశ్రామికవాడలో ఉన్న మా టవల్ యూనిట్ చూసి, ఒక రాత్రి మా ఇంట్లోనే భోజనం చేయాలని ఉందని రాశారు. ఎగుమతి ఆర్డర్ల మెయిళ్లన్నీ నేనే చూసుకుంటాను కాబట్టి ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మామయ్య కాసేపు ఆలోచించి, "వాళ్లకు భోజనంలో వైన్ ఉండాలమ్మా. మన మహారాష్ట్రలో చేసిందే మంచిది చూసి పెట్టు. అడ్డగోలు ఖర్చు మాత్రం వద్దు" అన్నారు.

మా ఇంట్లో వైన్ తెలిసినవాళ్లు ఎవరూ లేరు. మా ఆయన ఎప్పుడన్నా ఒక బీరు తాగుతారు. మామయ్య వయసులో ఉన్నప్పుడు కరీంనగర్ వైపు చుట్టాలింటికి పోతే కల్లు తాగేవారట. అంతే. మాకు తెలిసిన పద్మశాలీ ఇళ్లలో విదేశీ బయ్యర్లు వస్తే హోటల్‌కు తీసుకెళ్లడమే అలవాటు కాబట్టి అడగడానికీ ఎవరూ దొరకలేదు. మీకు ఇలాంటి అవసరం పడితే పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు పర్మిట్. మహారాష్ట్రలో మద్యం కొనడానికీ తాగడానికీ పర్మిట్ ఉండాలి. వైన్ కూడా లెక్కలోకి వచ్చే విదేశీ మద్యం రకంలో ఒక్కరోజుది 5 రూపాయలు, ఏడాదిది 100, జీవితకాలానిది 1,000. బీరు, వైన్‌కు 21 ఏళ్లు నిండితే చాలు, హార్డ్ లిక్కర్‌కు 25 నిండాలి. ఒక్కరోజు పర్మిట్ దుకాణంలోనే రాసిస్తారు. నేను మాత్రం కౌంటర్ దగ్గర ఎవరూ ఒక్క మాట అనే వీలు ఉండకూడదని జీవితకాలానిదే ఆన్‌లైన్‌లో పెట్టాను. ఆధార్, ఫోటో, డబ్బు, అంతే పని. దరఖాస్తు చేసింది జనవరి 10 ప్రాంతంలో. ఆ వెంటనే సంక్రాంతి, సిద్ధేశ్వరుడి గడ్డా జాతర. ఊరంతా నందిధ్వజాల వెంట ఉంది. పర్మిట్ చేతికి వచ్చేసరికి 20 దాటింది. తర్వాత 26న, 30న డ్రై డే, అంటే మద్యం అమ్మని రోజు. అంటే జనవరిలో నాకు మిగిలిన రోజులు చాలా తక్కువ. మీకు తేదీ దగ్గరపడి ఉంటే క్యాలెండర్‌లో డ్రై డేలు ముందే చూసుకోండి.

మొదటిసారి దుకాణానికి వెళ్లిన సాయంత్రం గుండె దడదడలాడింది. ఇనుప జాలీ, దాని ముందు మగవాళ్ల గుంపు. నేను వెళ్లగానే మాటలు ఆగిపోయాయి. మా ఆయన బండి దగ్గరే ఉన్నారు. నేనే వెళ్తానని నేనే చెప్పాను, ఎందుకంటే లేబుల్ చదవాల్సింది నేను. మరాఠీలో రెడ్ వైన్, వైట్ వైన్ అడిగితే కౌంటర్‌లో పెద్దాయన పైన రేకు కప్పు కింద ఉన్న అరలోంచి సీసాలు దించాడు. వాటి మీద దుమ్ము చేతికి అంటింది. "ఫారినర్స్ వస్తున్నారా? అయితే ఇంపోర్టెడ్ తీసుకోండి మేడమ్" అన్నాడు. పద్నాలుగు వందలు చెప్పాడు. ఎగుమతి వ్యాపారంలో ఉన్నదాన్ని, సుంకాలు నాకు తెలుసు. దిగుమతి వైన్ మీద మన దేశంలో చాలా ఏళ్లు 150 శాతం కస్టమ్స్ సుంకం ఉంది. వాళ్ల ఊళ్లో రోజూ తాగే సీసానే ఇక్కడ అంత పెట్టి కొని మళ్లీ వాళ్లకే పోయడం నాకు నచ్చలేదు. పైగా మహారాష్ట్ర 2001లో ద్రాక్ష శుద్ధి పరిశ్రమ విధానం తెచ్చి ఇక్కడి వైన్‌కు పన్నుల్లో వెసులుబాటు ఇచ్చింది. మన రాష్ట్రం సీసాలో మనం పెట్టే డబ్బులో ఎక్కువ భాగం వైన్‌కే పోతుందని నా లెక్క.

అక్కడ ఎనిమిది వందలు పెట్టి కొన్న వైట్ వైన్ ఇంటికొచ్చి తీస్తే, కార్క్ పైకి నెట్టుకొచ్చి మూతి రేకు ఉబ్బి ఉంది. కార్క్ పక్కన పైదాకా తడి మరక. గ్లాసులో పోస్తే పల్చటి టీ రంగు. కోసి మరిచిపోయిన ఆపిల్ ముక్క వాసన. మా తోడికోడలు అక్క వాసన చూసి గ్లాసు దూరం పెట్టేసింది. లేబుల్ మీద సంవత్సరం చూస్తే నాలుగేళ్ల కిందటిది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీల పైన ఎండ. రేకు కప్పు కింద అన్ని ఎండాకాలాలు నిలబడి ఉన్న సీసా అది. మర్నాడు తీసుకెళ్తే మూత తీసింది వెనక్కి తీసుకోం అన్నారు. ఎనిమిది వందలు పోయాయని కాదు, ఇదే సీసా ఆ రోజు అతిథుల ముందు తీసి ఉంటే మామయ్య ముఖం ఎలా ఉండేదో అని రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి నా వెతుకులాట మారిపోయింది. బ్రాండ్ కంటే ముందు దుకాణం చూడటం మొదలుపెట్టాను. అద్దం తలుపు ఫ్రిజ్‌లో వైన్ పెట్టేవాళ్లు ఎవరు? సీసాలు ఎన్నాళ్లకు అమ్ముడవుతాయి? సరుకు ఏ రోజు వస్తుంది? రెండు మూడు చోట్ల అడిగాక హోటళ్లకు సరఫరా చేసే ఒక దుకాణం దొరికింది. అక్కడ పనిచేసే కుర్రాడు నా మరాఠీ విని, "అక్కా, తెలుగోళ్లా? మాది అశోక్ చౌక్" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. "ఇది పోయిన ఏడాదిది, ఇది అంతకు ముందుది. వైట్ అయితే కొత్తదే తీసుకో అక్కా. మంగళవారం కేసు వస్తది, ఆగుతవా?" అన్నాడు. ఆగాను. నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేసి మరీ పిలిచాడు.

ఇంట్లో అత్తమ్మను ఒప్పించడం ఇంకో పని. తప్పు అనలేదు గానీ, పాలు, పెరుగు, పూజకు తెచ్చిన పూలు ఉండే ఫ్రిజ్‌లో ఆ సీసాలు వద్దన్నారు. పైన శాంపిల్ గదిలో పాత ఫ్రిజ్ ఉంది. అది కడిగి, టవల్ శాంపిళ్లు పక్కకు జరిపి, అక్కడ పెట్టాం. శనివారం రాత్రుళ్లు పిల్లలు పడుకున్నాక నేను, మా ఆయన, బావగారు, అక్క అక్కడే కూర్చుని ఒక్కో సీసా రుచి చూసేవాళ్లం. ఒక 750 మిల్లీలీటర్ల సీసా అయిదు గ్లాసులు వస్తుంది. మిగిలింది మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే వైట్ మూడు రోజుల వరకు బాగానే ఉంది, రెడ్ కూడా దాదాపు అంతే. స్క్రూ మూత సీసాలు ఇందుకు సుఖం. అవి తక్కువ రకమని చాలామంది అనుకుంటారు, నాశిక్‌లో చేసే మంచి వైన్‌లకూ ఆ మూతే ఉంటుంది. కార్క్ తీసే స్క్రూ రెండు వందలు, ఆరు గాజు గ్లాసులు పన్నెండు వందల దాకా అయ్యాయి. ఈ ఖర్చు నా లెక్కలో మొదట లేదు.

మా పద్ధతి ఒకటే. మా వంటతోనే తాగి చూడాలి. విడిగా తాగితే బాగున్నది మటన్ కూర పక్కన వేరేలా ఉంటుంది. ఇది నాకు పెద్ద ఆశ్చర్యం. బాగా వగరుగా, ఆల్కహాల్ ఎక్కువగా ఉండే రెడ్ తాగితే కూరలో కారం రెట్టింపు అయినట్టు నోరు మండుతుంది. కొంచెం తీపి మిగిలిన చల్లటి వైట్ తాగితే అదే కారం అణుగుతుంది. మటన్‌కు రెడ్, చేపకు వైట్ అని అందరూ చెప్పే మాట మా కారానికి పూర్తిగా కుదరదు.

సీసా పేర్లలో ముందు వచ్చేది కంపెనీ, తర్వాతది చాలావరకు ద్రాక్ష రకం. వైట్‌లలో సులా షెనిన్ బ్లాంక్ మా నలుగురికీ మొదటి గుక్కలోనే నచ్చింది. మా ఊళ్లో ఎనిమిది వందల చిల్లర. కొంచెం తియ్యన, కొంచెం పులుపు. పచ్చి పులుసు, బగారా అన్నం, శేంగా (పల్లీల) చట్నీ, దేనితోనైనా కలిసిపోయింది. సులాదే సావిన్యన్ బ్లాంక్ దానికంటే ఒక వంద ఎక్కువ. తీపి ఉండదు, పచ్చి క్యాప్సికం లాంటి వాసన ముందు వస్తుంది. అక్కకు అస్సలు నచ్చలేదు. నాకు మాత్రం ఉజనీ డ్యామ్ చేపల వేపుడు మీద నిమ్మకాయ పిండుకుని తింటూ తాగితే దీన్ని మించింది లేదనిపించింది. యార్క్ షెనిన్ బ్లాంక్ దొరికితే వదలకండి, మన దగ్గర ఎప్పుడో గానీ రాదు. గ్రోవర్ జంపా వియోన్యే కూడా చూశాం, పూల వాసన ఎక్కువ. మా ఆయనకు అది అత్తరులా అనిపించింది. బావగారు మాత్రం ఇంకో గ్లాసు పోసుకున్నారు.

రెడ్‌లకు ఎక్కువ రోజులు పట్టింది. నాలుగైదు వందల్లో వచ్చే తియ్యటి రెడ్‌లు మొదటిసారి తాగేవాళ్లకు తేలిగ్గా ఎక్కుతాయి గానీ, భోజనం మధ్యకు వచ్చేసరికి వెగటు పుట్టింది. ఏడెనిమిది వందల్లో షిరాజ్, కాబర్నే అనే నల్ల ద్రాక్ష రకాలు కలిపినవి ఫర్వాలేదు. ఫ్రాటెల్లి క్లాసిక్ షిరాజ్ తొమ్మిది వందల లోపు దొరికింది. మిరియాల ఘాటు, వగరు తక్కువ, మా మటన్ కూరతో పోట్లాడలేదు. సులా దిండోరి రిజర్వ్ షిరాజ్ పన్నెండు వందల దగ్గర. ఓక్ పీపాలో ఉంచిన వాసన తెలుస్తుంది, దమ్ముంది. రోజువారీకి కాదు గానీ పెద్ద భోజనానికి ఆ మూడు నాలుగు వందల తేడా పెట్టొచ్చు. గ్రోవర్ లా రిజర్వ్ ఇంకా కొంచెం పైన. బాగుంది, కానీ కారం తగ్గించి వండిన కూర కావాలి. అత్తమ్మ చేత్తో కారం తగ్గించమని అడిగే ధైర్యం మాకెవరికీ లేదు.

ఫిబ్రవరి మొదట్లో ఒక ఆదివారం అక్లూజ్ వెళ్లాం. ఫ్రాటెల్లి తోటలు మన సోలాపూర్ జిల్లాలోనే, మాళశిరస్ తాలూకాలో ఉన్నాయని నాకు ఈ పని మీద పడ్డాకే తెలిసింది. ఇటలీ, ఢిల్లీ, అక్లూజ్‌లకు చెందిన మూడు కుటుంబాల అన్నదమ్ములు 2007లో కలిసి మొదలుపెట్టిన కంపెనీ అది. ఇటలీ నుంచి మొక్కలు తెప్పించి నాటారు. మేం కారులో పోతున్నామని తెలిసి అత్తమ్మ కూడా బయలుదేరారు. ఆమెనూ అక్కనూ పండరిపురంలో విఠోబా దర్శనానికి దింపి, మేం ముగ్గురం ముందుకు పోయాం. ముందు రోజే ఫోన్ చేసి అడిగిపెట్టుకున్నాం కాబట్టి లోపలికి పోవడం తేలికైంది, లేకపోతే అంత దూరం వెళ్లి గేటు దగ్గర ఆగాల్సి వచ్చేది.

కోతల కాలం అది. వేడెక్కకముందే కోయాలని తెల్లవారకముందే గుత్తులు కోసేస్తారట. మేం వెళ్లేసరికి ప్లాస్టిక్ క్రేట్లు లోపలికి చేరిపోయాయి. షిరాజ్ పండు ఒకటి నోట్లో వేసుకున్నాను. మనం తినే ద్రాక్ష కంటే చాలా చిన్నది, తోలు మందం, లోపల గింజలు, తీపి మాత్రం నాలుక అంటుకుపోయేంత. పిండితే రసం తెల్లగానే వచ్చింది. నా వేళ్లకు అంటిన తోలు మాత్రం ఊదారంగు. రెడ్ వైన్ రంగు, వగరు ఆ తోలుదేనని, అందుకే రెడ్‌ను తోళ్లతో కలిపి పులియబెడతారని, వైట్‌కు ముందే పిండి రసం మాత్రం తీసుకుంటారని అక్కడి అబ్బాయి చేత్తో చూపించి చెప్పాడు. తీగలను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, వానలు వెనకబట్టాక ఇంకోసారి. ఆ రెండో కత్తిరింపు నుంచి వచ్చే కాపే ఈ వైన్. యూరప్‌లో కోత ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య, మనకు జనవరి నుంచి మార్చి. ఈ విషయం బయ్యర్లకు చెప్పాలని ఫోన్‌లో రాసుకున్నాను.

అక్కడ రుచి చూసిన వాటిలో సెట్టె అనే రెడ్ దగ్గర ముగ్గురం ఆగిపోయాం. సాంజొవేజె, కాబర్నే సావిన్యన్ ద్రాక్ష కలిపి చేసింది. గ్లాసు తిప్పిన కొద్దీ వాసన మారుతూ పోయింది. రెండు వేల పైన ధర. నా బడ్జెట్‌కు ఇది పెద్దదే. బావగారు, "ఒక్కటి తీసుకో, ఇది మన జిల్లా సరుకు" అన్నారు. తీసుకున్నాను. తిరుగు దారిలో సీసాను డిక్కీలో పెట్టలేదు, తడి టవల్ చుట్టి నా కాళ్ల దగ్గరే పెట్టుకున్నాను. పండరిపురంలో అత్తమ్మ ప్రసాదం సంచి నా ఒళ్లో పెట్టి ఆ సీసాకు తగలకుండా చూడమన్నారు.

భోజనం రోజున ఉదయం నుంచీ టెన్షన్. నాలుగు గంటలకు కరెంటు పోయింది, ఆరు దాటినా రాలేదు. వైట్ సీసాలు గోరువెచ్చగా అయిపోయాయి. బావగారు ఐసు తెప్పించి బకెట్‌లో వేసి, నీళ్లు పోసి, గుప్పెడు రాళ్ల ఉప్పు చల్లి సీసాలు మెడదాకా ముంచారు. ఇరవై నిమిషాల్లో ఫ్రిజ్ కంటే బాగా చల్లబడ్డాయి. ఉత్త ఐసు కాదు, నీళ్లు ఉండాలి. రెడ్‌ను కూడా అందులోనే పది నిమిషాలు ఉంచి తీశాం. రెడ్ గది వేడిలో ఇవ్వాలనే మాట చలిదేశాల గదులకు, అంటే 16 నుంచి 18 డిగ్రీలకు. ఫిబ్రవరి సాయంత్రం మా హాల్లో దానికి పది పన్నెండు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది.

వాళ్లిద్దరూ ఎనిమిదింటికి వచ్చారు. చేపల వేపుడుతో సావిన్యన్ బ్లాంక్ పోశాను. ఆవిడ వాసన చూసి లేబుల్ తిప్పి చదివింది, "నాశిక్?" అని అడిగింది. ఆయన షెనిన్ బ్లాంక్ తాగి మటన్ కూర వచ్చాక కూడా దాన్నే ఇంకొంచెం పోయమన్నారు. రెడ్ పక్కన పెట్టి కారానికి వైట్ అడిగిన ఆ క్షణంలో నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మా శనివారాల పని వృథా పోలేదు. ఆవిడ మాత్రం కడక్ భాకరీ (కరకరలాడే జొన్న రొట్టె) విరిచి మటన్‌లో ముంచుకుంటూ షిరాజ్ రెండు గ్లాసులు తాగింది. సెట్టె భోజనం అయ్యాక తీశాం, ఏ కూరా పక్కన లేకుండా. పోలెలతో (బొబ్బట్లతో) ఇవ్వడానికి సులా లేట్ హార్వెస్ట్ షెనిన్ అర సీసా, అంటే 375 మిల్లీలీటర్లది, దాచి ఉంచాను. తియ్యటి వైన్ అది. మామయ్య ఒక చెంచాడు పోయించుకుని రుచి చూసి, "ఇది నాకు నచ్చింది" అన్నారు. అత్తమ్మ కూడా చూస్తూ ఊరుకున్నారు.

ఆ రాత్రికి వాడిన సీసాల ఖర్చు ఏడు వేల లోపే. అంతకుముందు రుచి చూడటానికి కొన్నవి దీనికి వేరు, వాటిని నలుగురం పంచుకున్నాం. ఒక్క పూట విందుకు ఆరుగురు తాగేవాళ్లుంటే షెనిన్ రెండు, సావిన్యన్ ఒకటి, షిరాజ్ రెండు చాలు. అయిదూ కలిపి నాలుగున్నర వేలు దాటదు. వైట్ అయితే లేబుల్ మీద సంవత్సరం చూసి, రెండేళ్లు దాటితే తీసుకోకండి. మూతి రేకు మీద బొటనవేలు పెట్టి నొక్కండి, ఉబ్బు తగిలితే వెంటనే వెనక్కి ఇచ్చేయండి. దుకాణంలో ఎండ పడే అరలో ఉన్నది ఎంత డిస్కౌంట్ ఇచ్చినా వద్దు.

ఇదంతా విని గడ్చిరోలి జిల్లా సిరొంచాలో ఉన్న మా పిన్ని కొడుకు రెండు సీసాలు తెచ్చిపెట్టమన్నాడు. అది మద్య నిషేధం ఉన్న జిల్లా, వార్ధా కూడా అంతే. పర్మిట్ జేబులో ఉన్నా అక్కడికి తీసుకుపోకూడదు. చంద్రపూర్‌లో 2015లో పెట్టిన నిషేధం 2021లో ఎత్తేశారు కాబట్టి బల్లార్షా, రాజురా వైపు మనవాళ్లకు ఆ ఇబ్బంది లేదు. వాడినే ఇక్కడికి రమ్మన్నాను.

ఇప్పుడు ఇంట్లో సీసాలు ఉంచుకోవడం లేదు. శాంపిల్ గది ఏప్రిల్‌లో కొలిమి, పాత ఫ్రిజ్ మీద నాకు నమ్మకం లేదు. బయ్యర్ సెప్టెంబరులో మళ్లీ వస్తానని రాశారు. ఈ ఏడాది కోతల వైట్ అప్పటికి దుకాణంలో దిగుతుందని అశోక్ చౌక్ కుర్రాడు అన్నాడు. షెనిన్ రెండు, షిరాజ్ ఒకటి పక్కన పెట్టమని చెప్పి వచ్చాను.